‘ది థర్డ్ పోలీస్‌మన్’: సగం మెప్పు, సగం అభ్యంతరం

తాను ఒక ముసలివాణ్ణి పారతో కొట్టి చంపానని మొదటి వాక్యంలోనే చెప్పుకునే కథకుడితో ‘ది థర్డ్ పోలీస్‌మన్’ నవల మొదలవుతుంది. ఆ హత్య డబ్బు కోసమే జరిగింది గాని, ఆ డబ్బు అతనికి కావలసివచ్చింది ఇల్లు కట్టుకోవడానికో అప్పు తీర్చుకోవడానికో కాదు. డి సెల్బీ అనే ఒక కల్పిత తత్వవేత్త మీద తాను ఏళ్ల తరబడి శ్రమపడి రాసిన పరిశోధన గ్రంథాన్ని అచ్చు వేయించుకోవడానికి. మన వైపు కవులూ కథకులూ చాలామంది సొంత డబ్బు పెట్టుకునే పుస్తకాలు వేసుకుంటారు. పదవీ విరమణ సొమ్ములో కొంత పక్కకు తీసి సంపుటి అచ్చు వేయించుకుని, ఆ కట్టలు ఇంట్లో పెట్టుకుని, వచ్చినవారికల్లా సంతకం చేసి ఇచ్చేవారు విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ నాకు తెలిసినవారే ఉన్నారు. అందుచేత ఈ కథకుడి కోరిక నాకు వెంటనే అర్థమైంది. అది అంత సులువుగా అర్థమైనందుకే మనసు కలతపడింది కూడా. ఈ నవల మీద నాకున్న మెప్పుకూ అభ్యంతరానికీ మూలం అక్కడే ఉంది.

రచయిత ఫ్లాన్ ఓబ్రయన్. అది కలం పేరు. అసలు పేరు బ్రయన్ ఓనోలన్. 1911లో ఐర్లాండులో పుట్టి, డబ్లిన్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ, ‘ఐరిష్ టైమ్స్’ పత్రికలో మరో కలం పేరుతో ఏళ్ల తరబడి శీర్షిక నడిపిన మనిషి. ఆయన మొదటి నవల 1939లో వచ్చింది. దాని వెంటనే రాసిన ఈ రెండో నవలను 1940లో లండన్‌లోని లాంగ్‌మన్స్ సంస్థ తిప్పి పంపింది. రచయిత తన విపరీత కల్పనలను తగ్గించుకోవలసింది పోయి ఇంకా పెంచుకున్నాడన్నది వారు చెప్పిన కారణం. ఆ తిరస్కారాన్ని ఆయన పైకి చెప్పుకోలేక, రాతప్రతి ఎక్కడో పోయిందని స్నేహితులకు కథలు చెప్పాడు. నిజానికి అది ఆయన ఇంట్లోనే బీరువాలో ఉంది. 1964లో వచ్చిన మరో నవలలో ఈ పుస్తకంలోని డి సెల్బీనీ సైకిళ్ల సిద్ధాంతాన్నీ తీసి వాడుకున్నాడంటే, ఇది ఇక వెలుగు చూడదని నిశ్చయించుకున్నాడనే అనుకోవాలి. 1966 ఏప్రిల్ 1న ఆయన చనిపోయాడు. 1967లో పుస్తకం వచ్చింది. అచ్చు కోసం మనిషిని చంపినవాడి కథ రాసిన రచయితకు ఆ కథను అచ్చులో చూసుకునే రాత లేకపోయింది. 1997లో కారా మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి, పాత పత్రికల్లో మరుగున పడిన కథలను ఒక్కచోటికి చేర్చడం ఎందుకంత అవసరమైన పనో తెలిసిన మనకు, ఇలా బీరువాలో ఉండిపోయిన రాతప్రతి సంగతి వేరొకరు విడమరచి చెప్పనక్కరలేదు.

కథ సంగతికి వస్తాను. కథకుడికి పేరు లేదు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. బడిలో ఉండగానే డి సెల్బీ రాతల మీద వ్యామోహం పట్టుకుంది. తరువాత ఒక కాలు పోయి కొయ్యకాలు వచ్చింది. తల్లిదండ్రులు మిగిల్చిన పొలాన్నీ మద్యం దుకాణాన్నీ జాన్ డివ్నీ అనే మనిషి చూసుకుంటూ, నెమ్మదిగా తానే యజమాని అన్నట్టు తయారవుతాడు. డబ్బున్న ముసలాయన మేథర్స్‌ను దోచుకుందామని పురెక్కించేదీ అతనే. హత్య జరిగాక డబ్బుపెట్టెను డివ్నీ దాచేస్తాడు. అది ఎక్కడుందో చెప్పేవరకు అతణ్ణి కంటికి దూరం కానివ్వలేక, కథకుడు అతనితో ఒకే మంచం మీద పడుకుంటూ, అతను ఎటు వెళితే అటు వెంట తిరుగుతూ ఏళ్లు గడుపుతాడు. స్నేహమూ లేని, నమ్మకమూ లేని ఆ సహవాసాన్ని వర్ణించిన పుటలు ఎంతో నిబ్బరంగా, ఎంతో భయంకరంగా ఉన్నాయి. చివరికి పెట్టె మేథర్స్ ఇంట్లోనే నేలపలకల కింద ఉందని డివ్నీ చెబుతాడు. కథకుడు వెళ్లి ఆ కన్నంలో చెయ్యి పెడతాడు. ఆ క్షణంలో ఏదో మారిపోతుంది. వెలుగు మారినట్టు, గాలిలో చలి మారినట్టు తోస్తుంది. పెట్టె చేతికి అందదు. వెనుకనుంచి ఒక దగ్గు వినిపిస్తుంది. తిరిగి చూస్తే, తాను చంపిన మేథర్స్ కుర్చీలో కూర్చుని ఉంటాడు.

ఇక్కడినుంచి నవల మామూలు లోకాన్ని వదిలేస్తుంది. ఏ ప్రశ్న వేసినా కాదు, లేదు అని మాత్రమే జవాబిచ్చే మేథర్స్‌తో మాట్లాడడానికి కథకుడు ప్రశ్నలనే తిరగేసి అడుగుతాడు. గాలులకు రంగులుంటాయనీ, పుట్టిన వేళ వీచే గాలి రంగును బట్టి ఏటా ఒక పలచని అంగీ తొడుగుతారనీ, అవి ఒకదాని మీద ఒకటి చేరి నల్లబడిననాడు మనిషి పోతాడనీ ఆ ముసలాయన చెబుతాడు. ఆ అంగీలు ఇచ్చేది పోలీసులట. పోయిన పెట్టె ఆచూకీ వాళ్లకే తెలిసి ఉండాలని కథకుడు పోలీసు స్టేషను వెతుక్కుంటూ బయలుదేరతాడు. అప్పటికే, మేథర్స్ ఇంట్లో ఉండగానే, అతని ఆత్మకు గొంతు వచ్చింది. దానికి జో అని పేరు పెట్టుకుంటాడు. స్టేషను కనబడినప్పుడు దానికి ఎత్తూ వెడల్పూ ఉన్నాయి గాని లోతు లేదనిపిస్తుంది, ఆకాశం మీద అతికించిన బొమ్మలాగ. లోపలికి వెళ్లగానే సార్జెంట్ ప్లక్ అడిగే మొదటి ప్రశ్న, సైకిలు గురించి వచ్చావా అని.

ఆ స్టేషనులో నేరమంటే సైకిలు నేరమే. దీపం లేని సైకిలు, పంపు పోయిన సైకిలు, బ్రేకు విరిగిన సైకిలు, ఇవి తప్ప మరో ఫిర్యాదు రాగలదని వారికి తోచదు. బంగారు గడియారం పోయిందని కథకుడు అబద్ధం చెబితే, గడియారం ఎవరైనా ఎందుకు దొంగిలిస్తారని వాళ్లు నిజంగానే ఆశ్చర్యపోతారు. ఈ ఘట్టం మన పెద్దతరం పాఠకులకు పరాయిగా తోచదు. రాత్రిపూట దీపం లేకుండా సైకిలు తొక్కితే కానిస్టేబులు ఆపిన కాలం వారికి గుర్తుంది. మునిసిపాలిటీ బిళ్ళ లేని సైకిలుకు పట్టపగలు కూడా బెదురే.

సైకిలు సిద్ధాంతం ఆరో అధ్యాయంలో వస్తుంది. నా దృష్టిలో ఈ నవలకు శిఖరం అదే. సార్జెంటు చెప్పేదాని సారాంశం ఇది. ప్రపంచంలో ప్రతి వస్తువూ అణువుల పుట్ట. రెండు వస్తువులు పదే పదే ఒకదానికొకటి తగిలితే, దీనిలోని అణువులు దానిలోకి, దానిలోనివి దీనిలోకి చేరుతాయి. కాబట్టి గతుకుల దారిలో ఏళ్ల తరబడి ఇనుప సైకిలు తొక్కే మనిషి కొంత సైకిలవుతాడు, సైకిలు కొంత మనిషవుతుంది. ఊళ్లో ఎవరు ఎంత శాతం సైకిలుగా మారిపోయారో సార్జెంటు దగ్గర లెక్క ఉంది. ముదిరినవాళ్లను గుర్తుపట్టడం తేలికేనంటాడు: కూర్చోకుండా మోచెయ్యి గోడకు ఆనించి నిలబడతారు, ఒక కాలు అరుగు అంచున మోపి ఆగుతారు. మనిషి పాలు ఎక్కువైన సైకిలు ఇంట్లో పొయ్యి దగ్గరికి వచ్చి చేరుతుందట, వంటింట్లో రొట్టె ముక్కలు మాయమవుతాయట. సైకిలు యజమాని గిల్హేనీ మరీ ముదిరిపోకుండా కాపాడాలని అతని సైకిలును సార్జెంటే దొంగిలించి, మళ్లీ తానే కేసు పట్టి వెతికి ఇస్తుంటాడు. తన పౌరుల క్షేమం కోసం దొంగతనం చేస్తున్న ఆ అధికారి ముఖంలో ఎంత బాధ్యత, ఎంత అలసట ఉన్నాయో రచయిత ఒక్క మాట కూడా తూలకుండా రాశాడు.

చీపురుపల్లి వైపు పల్లెల్లో ఉత్తరాలు పంచి రిటైరైన ఒక పాత పోస్ట్‌మాన్ మా వీధిలో ఉంటారు. ఈ అధ్యాయం ఆయనకు తెలుగులో చెప్పి వినిపించాను. ఆయన నవ్వుతారనుకుంటే నవ్వలేదు. “అందులో అబద్ధమేటుంది మాస్టారూ? ఇంటికొచ్చి మంచం మీద వాలినా గాని నా కాళ్లు తొక్కుతున్నట్టే ఉండీవి. ఇప్పటికీ నిద్దట్లో కాళ్లాడతాయని మా ఆడది చెబుతాది” అన్నారు. ఆ తరువాత తన సైకిలు సంగతి చెప్పారు. ఎడమ పెడలు వంగి ఉండేదట. దానికి తగ్గట్టు తన ఎడమ పాదం కూడా కాస్త లోపలికి తిరిగి నిలిచిపోయిందట. చెప్పు తీసి చూపించారు. మడమ దగ్గర కాయకాచి, బొటనవేలు పక్కకు ఒరిగి, పాదం నిజంగానే లోపలికి తిరిగి ఉంది. అణువుల సిద్ధాంతం మాట ఎలా ఉన్నా, చేసే పని మనిషి ఒంట్లోకి ఎక్కిపోతుందన్న సత్యాన్ని ఈ నవల పట్టుకుంది. దీన్ని ఉత్త వెర్రి ఊహ అనేవారితో నేను ఏకీభవించలేకపోవడానికి ఆ పాదం ఒక కారణం.

అసంబద్ధ రచన ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది అని ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ ఆలోచించాను. ఒక్క అసంభవాన్ని ఒప్పుకోమని అడిగి, ఆ తరువాత దాని పర్యవసానాలన్నిటినీ చిత్తశుద్ధితో చివరిదాకా లాగినప్పుడు అది నిలుస్తుంది. ఒక మనిషి హత్య చేస్తే, అతనిలో ఎక్కువ భాగం సైకిలులోకి పోయిందని తేలడంతో సైకిలును ఉరితీశామని సార్జెంటు చెప్పినప్పుడు, మనం ముందే ఒప్పుకున్న సూత్రం ప్రకారం అది న్యాయమే. చట్టం తన తర్కానికి తాను కట్టుబడి ఎంత దూరం వెళ్లగలదో చూస్తే గుండె ఝల్లుమంటుంది. పోలీసులూ కోర్టులూ సామాన్యుడి బతుకును ఏం చేస్తాయో శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి గారి కథల్లో చదువుకున్నవాళ్లం మనం. అక్కడి కోపం వేరు, ఇక్కడి పద్ధతి వేరు. అయినా యంత్రం ముందు నిలబడిన మనిషి మాత్రం ఒక్కడే.

అద్భుత కల్పన తెలుగువారికి కొత్తదేమీ కాదు. పింగళి సూరన పదహారో శతాబ్దంలోనే ‘కళాపూర్ణోదయం’లో కథలో కథ అల్లి, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో నిజమై జరిగినట్టు రాశాడు. అంత చిక్కుగా అల్లిన ఆ కావ్యంలో చివరికి ప్రతి ముడీ విడుతుంది. ఎవరు ఎవరో, ఏది ఎందుకు జరిగిందో తేలుతుంది. ఆ అలవాటుతో వచ్చే పాఠకుడికి ఓబ్రయన్ నవల కొంత నిరాశ కలిగిస్తుంది. ఇక్కడ పెద్ద ముడి ఒకటి మాత్రమే విడుతుంది. చిన్నవి చాలావరకు అలాగే ఉండిపోతాయి. నన్ను అడిగితే, అది దోషమని ముందే అనేయకూడదు. ఏ ముడిని వదిలేశాడన్నది చూడాలి.

వదిలేసి గెలిచిన చోటు అయిదో అధ్యాయంలో ఉంది. మక్‌క్రూస్కీన్ అనే పోలీసు తాను తీరిక వేళల్లో చేసిన చిన్న పెట్టెను బయటికి తీస్తాడు. దాని పనితనం ఎంత పరిపూర్ణంగా ఉందంటే, దానిలో పెట్టదగిన వస్తువేదీ లోకంలో దొరకక, అచ్చం అలాంటిదే మరో చిన్న పెట్టె చేసి అందులో పెట్టాడట. దానిలో ఇంకొకటి, దానిలో మరొకటి. ఒక్కొక్కటే బయటికి తీసి బల్ల మీద వరుసగా పెడుతూ పోతాడు. కొంతసేపటికి పెట్టెలు ఆవగింజంత అవుతాయి, తరువాత నలుసంత, ఆ తరువాత కంటికి కనబడవు, అయినా అతని వేళ్లు ఎంతో జాగ్రత్తగా తాళం తీస్తూ, మూత ఎత్తుతూ, లోపలిదాన్ని తీసి పక్కన పెడుతూనే ఉంటాయి. భూతద్దానికి కూడా అందనివాటిని తాను ఇప్పుడు చేస్తున్నానని అతను మామూలుగా చెబుతాడు. ఇక ఆపితే బాగుండునని కథకుడికి భయం వేస్తుంది. చదువుతున్న నాకూ వేసింది. అందులో నెత్తురు లేదు, దయ్యం లేదు, ఉన్నదల్లా ఒక పనివాడి శ్రద్ధ. ఆ శ్రద్ధకు హద్దు లేకపోవడమే భయానికి కారణం. ఒక గ్రంథం కోసం మనిషిని చంపిన పండితుడు ఆ బల్లకు అవతల కూర్చుని ఉన్నాడన్నది గుర్తుపెట్టుకుని చదివితే ఈ ఘట్టం ఇంకా లోతుగా కనిపిస్తుంది. ఆ పెట్టెల సంగతి ఏమైందో రచయిత తేల్చలేదు. తేల్చి ఉంటే పాడయ్యేది.

ఎనిమిదో అధ్యాయంలోని అనంతత్వం సంగతి అంత తేలికగా తేల్చలేను. ఆ పోలీసులకు అనంతత్వమంటే లిఫ్టులో దిగి వెళ్లగల ఒక చోటు. అక్కడ కాలం నడవదు. గడ్డం పెరగదు, కాల్చిన సిగరెట్టు తరగదు. ఇనుప అరలూ మీటలూ గడియారాలూ ఉన్న ఆ పాతాళంలో ఏది కావాలంటే అది వస్తుంది. అక్కడి యంత్రాల వర్ణన పుటల తరబడి సాగి, కంటికి ఏ రూపమూ కట్టకుండానే పోయింది. రచయిత ఊహ అక్కడ అలిసిపోయిందనే నాకు తోచింది. కానీ ఆ అధ్యాయం చివర జరిగేది మాత్రం మరువలేనిది. కథకుడు బంగారం, రత్నాలు, విస్కీ, అరటిపళ్లు, నీలం రంగు సూటు, ఇవన్నీ కోరుకుంటాడు. వాటితోపాటు ఒక ఫౌంటెన్ పెన్నూ రాసుకునే కాగితాలూ అడుగుతాడు. తీరా లిఫ్టు దగ్గరికి వచ్చాక, దిగినప్పటి బరువుతోనే పైకి వెళ్లాలనీ, ఒక్క వస్తువు అదనంగా ఉన్నా ప్రాణాలు దక్కవనీ తెలుస్తుంది. అన్నీ అక్కడే వదిలేసి అతను చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడుస్తాడు. పోలీసు జేబులోంచి పొట్లం తీసి ఒక మిఠాయి ఇస్తాడు. లోకంలోని సంపదంతా పోగొట్టుకున్నవాడికి ఒక మిఠాయి. మనిషిని చంపినప్పుడు రాని కన్నీళ్లు ఇక్కడ వచ్చాయన్నది పాఠకుడే గమనించాలి. రచయిత వేలెత్తి చూపలేదు.

నా పెద్ద అభ్యంతరం డి సెల్బీ అధోజ్ఞాపికల మీద. అధ్యాయాల మొదట్లోనూ పుటల అడుగునా ఆ కల్పిత తత్వవేత్త సిద్ధాంతాలు వస్తుంటాయి. రాత్రి అంటే నల్లని గాలి పేరుకుపోవడమేననీ, ప్రయాణం భ్రమ అనీ అతను వాదిస్తాడు. అతని మీద పుస్తకాలు రాసుకున్న వ్యాఖ్యాతలు ఒకరినొకరు తిట్టుకుంటూ, ఒకరి మీద ఒకరు అనుమానాలు పెంచుకుంటూ ఉంటారు. మొదట్లో ఇవి ఎంతో బాగున్నాయి. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు చదివినవారికి ఆ ఉల్లేఖనల గాంభీర్యం, ఆ అల్ప విషయాల మీద ఆ మహా వివాదాలు వెంటనే పరిచయమవుతాయి. కానీ పుస్తకం ముందుకు వెళ్లేకొద్దీ అధోజ్ఞాపికలు పుటలకు పుటలు ఆక్రమించి, పైన కథకు ఒకటి రెండు పంక్తులే మిగులుతాయి. కథకుడు ప్రాణభయంతో ఉన్న సమయంలో కూడా వ్యాఖ్యాతల గొడవే నడుస్తుంది. అతని మనసు అంతగా ఆ తత్వవేత్తకు అమ్ముడుపోయిందని చూపించడానికే ఇదంతా అని సమర్థించవచ్చు. సమర్థన సరైనదే. అయినా ఒక వ్యసనాన్ని పాఠకుడికి అర్థం చేయించడానికి నాలుగు పుటలు చాలినచోట నలభై పుటలు వెచ్చించనవసరం లేదని నా నమ్మకం.

రెండో అభ్యంతరం ఇంతకంటే తీవ్రమైనది. ఈ నవలలో స్త్రీలు దాదాపు లేరు. చివర్లో ఒకామె కొన్ని పంక్తుల్లో కనబడి పోతుంది. రచయిత తన కలంలోని లాలిత్యాన్నంతా సార్జెంటుగారి సైకిలు మీద ఖర్చుపెట్టాడు. దాన్ని ఆడమనిషిగా భావించి, ఆమె నెమ్మదితనాన్నీ నమ్మకాన్నీ అణకువనూ వర్ణించాడు. ఆ వర్ణన ఎంత అందంగా ఉందో అంత ఇబ్బందిగానూ ఉంది. గురజాడ వారి ఊళ్లో ఉండేవాణ్ణి కాబట్టి మధురవాణి గుర్తుకు రాకుండా ఉండదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ఆ నాటకంలో కూడా హెడ్ కనిస్టీబు ఉన్నాడు, దొంగసాక్ష్యాలున్నాయి, తలకిందులైన న్యాయం ఉంది. కానీ ఆ మగవాళ్ల లోకాన్ని నిలబెట్టి ప్రశ్నించగల స్త్రీ కూడా ఉంది. ఓబ్రయన్ లోకంలో అటువంటి చూపు లేకపోవడం వల్ల, మగవాళ్ల పిచ్చి మగవాళ్ల మధ్యనే తిరిగి ఊపిరాడనట్టు అవుతుంది.

ఇక మేథర్స్ సంగతి. ఈ ముసలాయన గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. వానపడే రాత్రి, డబ్బుపెట్టె పట్టుకుని నడిచివస్తున్నవాణ్ణి దారి కాచి కొట్టారు. పడిపోతూ ఏదో మామూలు మాట మెల్లగా అన్నాడని కథకుడే చెబుతాడు. ఆ తరువాత నవల ఎంత విచిత్రంగా, ఎంత వినోదంగా నడుస్తుందంటే, ఆ హత్య నేపథ్యంలోకి జరిగిపోతుంది. శ్రీకాకుళంలో కొందరు సాహిత్య మిత్రులం కలిసి ఈ నవలను చర్చించినప్పుడు అందరూ సైకిళ్ల గురించే మాట్లాడారు. ఒక లెక్కల లెక్చరరు గారు పెట్టెల గురించీ అనంతశ్రేణుల గురించీ ఎంతో ఉత్సాహంగా వివరించారు. చివరికి ఒకావిడ, “అంతా బాగానే ఉందండీ, ఆ ముసలాయన్ని చంపినందుకు ఎవరైనా ఒక్కసారి బాధపడ్డారా?” అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. కథకుడు బాధపడలేదు, పశ్చాత్తాపమన్న భావమే అతనికి లేదు. హత్యానేరం మీద అతన్ని పట్టుకున్నప్పుడు కూడా, పేరు లేనివాణ్ణి ఉరితీస్తే అది అసలు చావు కిందికే రాదన్న సార్జెంటు వాదనతోనే పేచీ పెట్టుకుంటాడు గాని, తాను చేసినదాని దగ్గరికి మనసును పోనివ్వడు.

ఇది రచయిత లోపమా, రచయిత ఉద్దేశమా అన్నచోటే పాఠకులు రెండు వర్గాలవుతున్నారు. ఉద్దేశమేనని నేను నమ్ముతున్నాను. ముగింపు అది నిరూపిస్తుంది కూడా. ఆ ముగింపు ఏమిటో ఇక్కడ చెప్పను. చివరి అధ్యాయం చదివాక మొదటినుంచీ జరిగిన ప్రతి విచిత్రానికీ అర్థం మారుతుందని మాత్రం చెప్పగలను. సైకిలు గురించిన ఆ మొదటి ప్రశ్న రెండోసారి వినిపించినప్పుడు, అంతవరకు నవ్వు తెప్పించిన మాట ఒళ్లు జలదరింపజేస్తుంది. కర్మఫలం గురించీ, నరకాల గురించీ పురాణాలు విని పెరిగినవాళ్లం మనం. సలసల కాగే నూనె కంటే, రంపపు కోతల కంటే ఈ శిక్ష ఎక్కువ కఠినమైనదిగా నాకు తోచింది, ఎందుకంటే ఇందులో శిక్ష పడినవాడికి ఆ సంగతే తెలియదు.

అయితే దీనిని ఆధారం చేసుకుని, మధ్య అధ్యాయాల విసుగును కూడా గొప్పతనంగా లెక్కగట్టేవారున్నారు. పాఠకుడు అలసిపోవడమే రచయిత కోరుకున్నదని, ఆ అలసట కథకుడి గతిలో భాగమని వారి వాదన. మా చర్చలో కూడా ఇద్దరు ముగ్గురు ఈ మాట గట్టిగా అన్నారు. నాకు ఇది సమ్మతం కాదు. విసుగు గురించి రాయడం వేరు, విసుగు పుట్టించడం వేరు. డివ్నీతో ఒకే మంచం మీద గడిపిన ఏళ్ల గురించి రచయిత కొద్ది పుటల్లోనే చెప్పి, ఆ ఏళ్ల బరువంతా మన మీద పెట్టగలిగాడు. అంత సమర్థుడు పాతాళ యంత్రాల దగ్గర అదే పొదుపు పాటించి ఉండవలసింది. ముగింపు గొప్పది కాబట్టి దానికి ముందు ఉన్నదంతా గొప్పదే అనడం రచనకు న్యాయం చేయడం కాదు.

ఇంత చెప్పాక, ఉరికంబం సిద్ధమవుతున్న రాత్రి కథకుడి మనసులో కదిలే ఊహల గురించి చెప్పకపోతే నా వైపునుంచి అన్యాయమవుతుంది. చనిపోయాక తాను ఏమవుతానోనని అతను ఆలోచిస్తాడు. గాలిలోనో నీటిలోనో కలిసిపోయి, ఎవరూ లేని నడిసముద్రంలో ఒక పెద్ద అలనవుతానేమో అనుకుంటాడు. హంతకుడి నోట, నవలంతటిలోకీ నిర్మలమైన ఆ మాటలు రావడం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. భావనపాడు తీరంలో సాయంత్రం పూట నిలబడి సముద్రం చూసినవారికి ఆ పుటలు సొంత ఆలోచనల్లాగే ఉంటాయి. ఇలా రాయగలిగిన మనిషి బతికుండగా ఈ పుస్తకం రానివ్వకపోవడం ఎంత నష్టమో అక్కడ బాధగా తెలిసింది.

కొనదలచినవారికి కొన్ని సంగతులు. నవల పన్నెండు అధ్యాయాలు, సుమారు 200 పుటలు. ఇంగ్లీషు కష్టమైన మాటలతో నిండి ఉండదు గాని, సార్జెంటు మాట్లాడే తీరు దఫ్తరు భాషా పల్లె భాషా కలిసి వింతగా ఉంటుంది. నెమ్మదిగా, వీలైతే పైకి చదువుకుంటే దాని లయ తెలుస్తుంది. ఫోనులోనో చదువు పరికరంలోనో కాకుండా అచ్చు పుస్తకమే కొనమని నా సలహా. అధోజ్ఞాపికలు పుట అడుగున కంటికి ఎదురుగా ఉంటేనే ఈ నవల రూపం తెలుస్తుంది. నొక్కితే తెరుచుకునే పద్ధతిలో ఆ అనుభవం పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ముందుమాటను చివరికి వాయిదా వేసుకోండి. ముందుమాటలు రాసేవారు ముగింపును మొదటే చెప్పేస్తారు. 1940లో రచయిత విలియం సారోయన్‌కు రాసిన ఉత్తరంలో కథ రహస్యమంతా తానే విప్పి చెప్పాడు. కొన్ని ముద్రణల్లో ఆ ఉత్తరంలోని భాగం పుస్తకం చివర ఉంటుంది. పుటలు తిరగేస్తూ పొరపాటున కూడా దాని మీద కన్ను పడనివ్వకండి. 2005లో ‘లాస్ట్’ అనే అమెరికన్ టీవీ ధారావాహికలో ఈ పుస్తకం కనబడడంతో దీనికి కొత్త పాఠకులు పెరిగారు. ఆ ధారావాహిక చూసి వచ్చేవారు సాహసకథ ఆశిస్తే నిరాశపడతారు.

హైస్కూలు పిల్లలకు దీన్ని ఇవ్వను. కథలు రాసేవారికీ, పరిశోధన చేస్తున్నవారికీ తప్పకుండా ఇస్తాను. ముఖ్యంగా తమ గ్రంథం అచ్చు కావాలన్న తపనతో ఉన్నవారికి. ఆరో అధ్యాయం వరకు చదివి, సైకిలు సంభాషణ మనసుకు ఎక్కకపోతే పుస్తకం అక్కడితో మూసేయవచ్చు. తరువాతి అధ్యాయాలు మీ అభిప్రాయాన్ని మార్చవు. అది నచ్చినవారు మాత్రం ఎనిమిది, తొమ్మిది అధ్యాయాల దగ్గర ఓపిక పట్టి, అధోజ్ఞాపికల్లో పొడుగైనవాటిని రెండో పఠనానికి వదిలేసి, చివరి అధ్యాయాన్ని ఒకే విడతలో చదవండి. ఆ వెంటనే మొదటి అధ్యాయానికి తిరిగివెళ్లి, వానపడే ఆ రాత్రి మేథర్స్ నడిచివచ్చిన పుటను మళ్లీ ఒకసారి చదవండి.